గోప్య శోధనల బహిరంగ రిజిస్టర్

మార్చి నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు నాందేడ్ పట్టణంలోని శ్రీనివాస కాలనీలో మైకు కట్టిన ఆటో ఒకటి సందు సందూ తిరిగి ఇలా ప్రకటించింది: "కాలనీ తెలుగు సంక్షేమ సంఘం సభ్యులకు విజ్ఞప్తి. మన వ్యక్తిగత విషయములు ఇతరులకు తెలియకుండా కాపాడుకొనుట ఎట్లు అను అంశముపై నేటి సాయంత్రం అయిదు గంటలకు సంఘం హాలులో బహిరంగ సభ. ప్రతి ఇంటి నుండి ఒక్కరైనా రావలెను. రాని ఇళ్ళ నంబర్లు, రాకపోవుటకు గల కారణములు రేపు ఉదయం ఇదే మైకులో చదవబడును."

ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. మీకు కనిపించిందంటే మీరు ఇంతవరకూ ఏ కాలనీలోనూ కాపురం చెయ్యలేదన్న మాట.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న సుమంగళ చేతిలోంచి మాత్రం తడి చీర జారి కింద గులాబీ కుండీ మీద పడింది. ఈ మహోద్యమానికి మూలకారణం ఆవిడే మరి. పాపం, ఆవిడ చేసిందల్లా ఒక చిన్న ప్రశ్న అడగడం.

సుమంగళకు నలభై ఎనిమిదేళ్ళు. ధర్మాబాద్‌లో ఒక హైస్కూలు ఆఫీసులో గుమాస్తా. రైల్వేలో పనిచేసిన భర్త పోయి ఏడేళ్ళయింది. పిల్లలు లేరు. బావగారైన లక్ష్మణరావు ఇంటి మేడ మీద గదిలో ఉంటూ, పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి వస్తుంది. రైల్వే ఇంటి కోడలు కనుక బండికి ముప్పావుగంట ముందే స్టేషన్‌కు చేరుకునే క్రమశిక్షణ ఉంది. ఆ ముప్పావుగంటే కొంప ముంచింది. ధర్మాబాద్ స్టేషన్ ఎదురుగా మిరపపొడి దుకాణం నడిపే వెంకట్రావ్ రోజూ అదే వేళకు చాయ్ తాగడానికి వస్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. మాటకారి కాదు. నాలుగేళ్ళ చాయ్‌లలో ఆయన అన్న పెద్దమాట ఒక్కటే: "నువ్వు బండెక్కి పోయినంక స్టేషనంత ఉత్తగైతది సుమంగళా." ఆ మాట విన్న రోజున ఆవిడకు బండిలో సీటు దొరకలేదు. నాందేడ్ దాకా నిలబడే వచ్చింది గాని కాళ్ళు నొప్పి పుట్టినట్టు గుర్తులేదు.

ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. కాగితం చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదనీ అనుకున్నారు. దానికి కారణం ఉంది. నాలుగిళ్ళ అవతల, మొగుడు పోయిన రఖమాబాయికి ముప్పై ఆరో ఏట ఇలాంటి ఆలోచనే వచ్చింది. సంగతి పొక్కిన మర్నాడే నిజామాబాద్ నుంచి రెండు జీపుల నిండా బంధువులు దిగి, మూడు రోజుల పాటు ఆవిడకు నచ్చజెప్పారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. ఎంతో మర్యాదగా ఒకరి తరవాత ఒకరు ఏడ్చారు. నాలుగో రోజు నుంచీ రఖమాబాయి ఒత్తులు చేసుకుంటూ ఉంది. ఆ జీపులను పిలిపించిన పెద్దమనిషి లక్ష్మణరావు. సుమంగళ పుట్టింటివాళ్ళదీ నిజామాబాదే. వాళ్ళ నంబర్లూ ఆయన ఫోనులో ఉన్నాయి.

అందుకని సుమంగళ ఎవరినీ అడగకుండా, తలుపు గడియ పెట్టుకుని, ఫోనులో "రిజిస్టర్ పెండ్లికి ఏమేం కావాలె" అని వెతికింది. జవాబు చదివేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడైతే భయపడి మూసేసింది. ఆవిడ మూసేసింది గాని ఫోను మూసుకోలేదు. మర్నాటి నుంచి అందులో పట్టుచీరలు దిగాయి. ఆ వెనక మెహందీ పెట్టేవాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, కొత్త దంపతులకు మహాబలేశ్వరంలో మూడు రాత్రుల బస. అయిదో రోజుకు ఉయ్యాలలు, పసిపిల్లల గౌన్లు కూడా వచ్చాయి. ఫోను తొందర ఫోనుది.

ఒక గురువారం లక్ష్మణరావు భార్య పార్వతి, భజన పాట వింటానని తోడికోడలి ఫోను తీసుకుంది. పాటకు ముందు ఒక పెళ్ళికూతురు గాజులు గలగలలాడించుకుంటూ వచ్చింది.

"ఎవ్వల పెండ్లే?" అంది పార్వతి.

"ఎవ్వలది గాదక్కా. ఫోన్లల్ల గిసొంటియే అస్తయి."

"నా ఫోన్ల మోకాళ్ళ నొప్పుల తైలం అస్తది. నీకేంది, పెండ్లి చీరలస్తున్నయి?"

సుమంగళ ఫోను లాక్కుని భజన పాట పెట్టి ఇచ్చింది. మర్నాడు బండి దిగి నేరుగా వజీరాబాద్ బజారులో సంకేత్ నడిపే మొబైల్ దుకాణానికి వెళ్ళింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది: "మనం ఏం దేవులాడినమో ఎవ్వలకు జెప్పనిది ఏదన్న ఉన్నదా?"

సంకేత్ తన విద్య మీద గౌరవం ఉన్న మనిషి. మరాఠీవాళ్ళు అక్కను పిలిచినట్టు పిలుస్తూ ఓపికగా చెప్పాడు. "సూడు తాయి. బ్రౌజరంటె ఆటో. సెర్చింజనంటె దారి జెప్పెటోడు. ఇద్దర్ల ఎవ్వడు నోరు జారినా నీ ముచ్చట బజార్ల వడ్తది. నోరు జారనియి శాన ఉన్నయి. నక్కబొమ్మది ఉన్నది, సింహం బొమ్మది ఉన్నది, బాతుబొమ్మది ఉన్నది. బాతు దారీ జెప్తది, ఆటో సుత నడుపుతది. గవి వెంటవడవు, నువ్వెవ్వలో రాసి వెట్టుకోవు."

"నేనచ్చినట్టు ఎవ్వలకు జెప్పకు."

"నా కడుపుల ఉంటది తాయి," అన్నాడు సంకేత్. అది అతని కడుపులో పూర్తిగా నలభై నిమిషాలు ఉంది. ఆ తరవాత లక్ష్మణరావుకు ఫోన్ చేసి, "కాకా, మీ ఇంటి తాయి గోప్యం గురించి మస్తు ఫికర్ జేస్తున్నది, గసొంటోళ్ళు కాలనీకి గావాలె," అని మెచ్చుకున్నాడు.

లక్ష్మణరావు రైల్వే డివిజన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయినవాడు, తొమ్మిదేళ్ళుగా సంఘం అధ్యక్షుడు. నిరుటి దోమల నిర్మూలన ఉద్యమం దోమల విజయంతో ముగిసినప్పటి నుంచీ చేతిలో ఉద్యమం లేక చిక్కిపోతున్నాడు. మరదలిని కిందికి పిలిచాడు.

"అమ్మా సుమంగళా, మనింట్ల దాసవల్సింది ఏమన్న ఉన్నదామ్మా?"

"ఏం లేదు బావా."

"లేనప్పుడే దాసుకునుడు నేర్సుకోవాలె. ఉన్నప్పుడు పనికస్తది," అని ఆయన ఆటోవాడికి కబురు పెట్టాడు.

సభకు నూట ఇరవై మంది వచ్చారు. లక్ష్మణరావు ఇంట్లో మాట్లాడే భాష వేరు, వేదిక మీద మాట్లాడే భాష వేరు. వేదిక మీది భాషకు ఇస్త్రీ చేసి ఉంటుంది.

"సభాసదులారా! నేడు మనము మన గదిలో కూర్చుండి ఏమి వెతుకుచున్నామో సముద్రముల కావలనున్న కంపెనీలకు తెలిసిపోవుచున్నది. ఎంత ఘోరము! పక్కింటి వారికైనా తెలియని విషయము పరదేశము వారికి ముందుగా తెలియుటయా? మన ఇరుగు ఏమైపోవలె? మన పొరుగు ఏమైపోవలె? మన సంస్కృతి ఏమైపోవలె?"

హాలు చప్పట్లతో మారుమోగింది. వెనక వరసలో ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది.

తరవాత సంకేత్ మూడు బొమ్మలు గోడ మీద వేసి చూపించాడు. ఏది మన జాడ రాసుకునే కుకీలను ఆపుతుంది, ఏది మన చిరునామా కనిపెట్టనివ్వదు, 'ప్రైవేటు కిటికీ' అన్నది తెరిచినంత మాత్రాన అన్నీ ఎందుకు మాసిపోవు అని చెప్పబోయాడు గాని, అప్పటికే హాలులో ఎవరూ వినడం లేదు. గోడ మీద మూడు గుర్తులు కనిపించాక వినాల్సింది ఏముంటుంది? ఎన్నికలే. రిటైర్డ్ గార్డు బాలన్న సింహం తరఫున లేచాడు. "ముప్పయేండ్లు జెండా వట్టి బండ్లు నడిపిచ్చినోన్ని. నాకు సింహం గావాలె గని బాతేంది?" అన్నాడు. మాంసం ముట్టని మూడు వరసలు సింహానికి ఓటు వేసేది లేదని భీష్మించాయి. నక్క జిత్తులమారిదని అందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు కనుక దాని అర్హతల జోలికి ఎవరూ పోలేదు. ఓటింగు చేతులెత్తి జరిపారు. రహస్య బ్యాలెట్ పెడితే ఎవరు దేనికి వేశారోనన్న అనుమానం మిగిలిపోతుందని అధ్యక్షులవారు వివరించారు. బాతుకు అరవై ఒకటి, సింహానికి ముప్పై ఎనిమిది, నక్కకు తొమ్మిది. మిగిలినవారు చాయ్ కోసం బయటికి వెళ్ళారు. నక్కకు ఓటేసిన తొమ్మిది మంది పేర్లు ముందుజాగ్రత్తగా విడిగా రాసుకున్నారు.

ఆ వారంలోనే ఇంటింటికీ ఫారాలు పంచారు. పేరు, ఇంటి నంబరు, ఆధార్ జిరాక్స్ రెండు ప్రతులు, ఫోను తాళం గీత (దిగువ గడిలో గీసి చూపవలెను), ఇతరులకు తెలియకూడదనుకునే విషయము (రోగము, కోర్టు వ్యవహారము, వివాహము, ఇతరములు, తగిన దానిపై టిక్కు పెట్టవలెను). గోప్యత కాపాడాలంటే కాపాడవలసింది ఏమిటో సంఘానికి తెలియాలి కదా. జనం వరస కట్టి మరీ ఇచ్చారు. సంకేత్ హాలులోనే కూర్చుని అందరి ఫోన్లలోనూ బాతును దించాడు. ఎవరి తాళం నంబరు ఏమిటో తికమక పడకుండా ఫోను వీపున ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద రాశాడు. సుమంగళ ఫారంలో టిక్కు ఎక్కడా పెట్టలేదు. 'అన్నీ తెలియవచ్చును' అని రాసి ఇచ్చింది.

పది రోజులు తిరక్కుండానే బాతు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫిర్యాదు ఒక్కటే, అది తన పని తాను చేస్తోందని. బాలన్న కీళ్ళనొప్పుల కషాయం ఒకటి వెతికి పట్టి, చెరిపేసే మీట నొక్కి, మర్నాడు మళ్ళీ చూద్దామంటే జాడ లేదు. "ఏం దేవులాడిననో నాకే యాది లేదు, దానికీ యాది లేదు. మరెవ్వలకు యాదుండాలె?" అని హాలుకొచ్చి గోల పెట్టాడు.

లక్ష్మణరావు మనసు కలుక్కుమంది. పెన్సిలు పోతే పెన్సిలు పేరిట ఫైలు తెరిచిన ఆఫీసులో బతుకు గడిపిన మనిషి. జరిగిన పనికి రికార్డు లేకపోవడమనేది ఆయనకు ఊపిరాడని సంగతి. ఆ రాత్రే ఆలోచించి, మర్నాడు కార్యవర్గం చేత తీర్మానం చేయించాడు. ఇకపై సభ్యులు ఫోనులో వెతికిన ప్రతి విషయమూ హాలులో ఉంచిన రిజిస్టరులో నమోదు చెయ్యాలి. క్రమసంఖ్య, తేదీ, పేరు, వెతికిన విషయము, ఎవరి నిమిత్తము, దొరికిన జవాబు, సంతకం. నెలకొకసారి అధ్యక్షుడు సభలో చదివి పక్కన సంతకం చేస్తాడు. రిజిస్టరు అట్ట మీద ఎర్రసిరాతో 'రహస్యము' అని రాయించారు. ఎవరైనా ఎత్తుకుపోతే గోప్యతకు భంగం కనుక దాన్ని గొలుసుతో గుమ్మం పక్క టేబులుకు కట్టేశారు. వచ్చేపోయేవాళ్ళు నిలబడి చదువుకోవడానికి అనువుగా టేబులు కాస్త ఎత్తుది వేశారు.

ఆ నెల కాలనీ జ్ఞానతృష్ణను ఏమని పొగడను! రిజిస్టరు నిండా గీతలో పన్నెండో అధ్యాయానికి అర్థం, తులసి ఔషధ గుణాలు, జిల్లాలో వర్షపాతం, తల్లిదండ్రుల పట్ల పిల్లల బాధ్యతలు. జుట్టుకు రంగు, పొట్ట తగ్గే మార్గం, పక్కవాడి కొత్త కారు ధర అనేవి ఒక్క పద్దులోనూ లేవు. హాలుకు తెప్పించే రెండు పత్రికలు ఎవరూ తాకక మడత విప్పకుండానే ఉండిపోయాయి.

ఒక్క సుమంగళ పేరే లేదు. మూడు వారాలు దాటినా లేదు. లోకమంతా వెతుకుతుంటే ఈవిడ ఏమీ వెతకడం లేదా, అసలు ఈ ముచ్చట లేవనెత్తిందే ఈవిడ కదా అని ఆడవాళ్ళూ మగవాళ్ళూ చెవులు కొరుక్కున్నారు. లక్ష్మణరావు న్యాయం తప్పని మనిషి. సొంత మరదలని చూడకుండా మెమో రాసి మేడ మీదికి పంపాడు. 'తాము ఏమియు వెతకకుండుటకు గల కారణములు ఏడు దినములలోగా తెలుపవలెను.' మేడకూ కిందికీ పదహారు మెట్లు. మెమోను పోస్టులో పంపాడు.

ఆ మెమో పట్టుకుని సుమంగళ ధర్మాబాద్ స్టేషన్‌లో కూర్చుంది. వెంకట్రావ్ చదివి మడిచి ఇచ్చాడు.

"ఎన్నొద్దులు దాస్తవు?" అన్నాడు. "మనం దొంగతనం జేసినమా?"

"నీకేం ఎర్కలేదు. జీపులస్తయి. ఏడుస్తరు. వాళ్ళేడుస్తె నేను తట్టుకోలేను."

"నువ్వేడ్సినప్పుడు ఎవ్వలన్న అచ్చిండ్రా?"

ఆవిడ మెమో సంచీలో పెట్టుకుని బండెక్కింది. బండిలో కూర్చున్నాక మొదట భయం వేసింది. తరవాత సిగ్గు వేసింది. ఆ సిగ్గు ఎందుకో బాసర దిక్కు పోయే పట్టాలను చూస్తూ ఆలోచిస్తే ఒళ్ళు మండేంత కోపం వచ్చింది. ఫోను తీసి, నెలన్నర క్రితం అడిగిన ప్రశ్ననే బాతును అడిగింది. ఏమాటకామాట చెప్పుకోవాలి, బాతు మాట మీద నిలబడింది. చీరలు రాలేదు, గాజులు రాలేదు, ఉయ్యాలలూ రాలేదు. ఉత్త జవాబు ఒక్కటే వచ్చింది. వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆ ఆఫీసు గోడకు అందరికీ కనిపించేలా అంటిస్తారు. ముప్పై రోజులు గడిచాక ముగ్గురు సాక్షుల ముందు పెళ్ళి. నెలన్నరగా ఇంత జాగ్రత్తగా దాచిన రహస్యాన్ని చివరికి గోడకే అంటించాలన్న మాట. సుమంగళ బోగీలో ఒక్కతే పైకి నవ్వింది. ఎదురు సీటు ముసలాయన ఎందుకైనా మంచిదని సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

నెలవారీ సభ రోజు సాయంత్రం ఆవిడ అందరికంటే చివర వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, గొలుసు సవరించి, రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో తన పద్దు రాసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి రిజిస్టరు వేదిక మీదికి చేరింది. లక్ష్మణరావు చదవడం మొదలుపెట్టాడు. ముప్పై నాలుగేళ్ళుగా కాగితాలు చదివిన గొంతు అది. చదువుతున్నది ఏమిటో తనకు తెలియనక్కరలేకుండానే చదవగలదు.

"రెండు వందల పధ్నాలుగు. పేరు, సుమంగళ. ఇంటి నంబరు పదిహేడు, మేడ. వెతికిన విషయము, రిజిస్టర్ వివాహమునకు కావలసినవి. ఎవరి నిమిత్తము, నా నిమిత్తమే. దొరికిన జవాబు, ముప్పది దినముల నోటీసు, ముగ్గురు సాక్షులు. సంతకము ఉన్నది. రెండు వందల పదిహేను..."

అక్కడ ఆగాడు. పదిహేను లేదు. వేలు మెల్లగా పధ్నాలుగు మీదికి తిరిగి వెళ్ళింది. నూట ఇరవై తలలు ఒక్క దిక్కుకు తిరిగాయి.

సుమంగళ లేచి నిలబడింది. "బావా, నిజామాబాద్‌కు ఫోన్ జేసేదుంటె జెయ్యి. జీపులు రానియ్యి. నేను నిన్ననే నోటీసు ఇచ్చిన. ఆయన పేరు వెంకట్రావ్. ధర్మాబాద్ల మిరపపొడి దుకాణం. నాలుగేండ్ల సంది ఎర్క. దాసెతందుకు ఇంకేం లేదు. నాకిప్పుడు ముగ్గురు మనుషులు గావాలె, సంతకం వెట్టెతందుకు. మీరంత నా మంచిచెడ్డ తెలుసుకోవాల్నని ఇన్నొద్దులు తండ్లాడిండ్రు. ఎవ్వలస్తరు?"

బాలన్న గొంతు సవరించుకున్నాడు. "గది నీ ఇంటి ముచ్చట బిడ్డా. అండ్ల మేమెట్ల జొరవడ్తం?" అన్నాడు. "పర్సనల్ హై నా," అంది రెండో వరస. "మన పని మనం జూస్కోవాలె," అంది మూడో వరస. రఖమాబాయి కుర్చీలోంచి సగం లేచింది. కొడుకు కొంగు పట్టి కూర్చోబెట్టాడు. సంకేత్ ఫోను చూసుకుంటున్నాడు.

అప్పటికి తేరుకున్న అధ్యక్షులవారు, భాషకు ఇస్త్రీ చేసుకుని, సంఘం చరిత్రలో నిలిచిపోయే తీర్మానం ప్రవేశపెట్టారు. "వ్యక్తిగత విషయములలో జోక్యము చేసుకొనుట మన ఆశయములకు విరుద్ధము. కావున ఇట్టి విషయమున సంఘము గాని, సభ్యులు గాని, బంధువులు గాని మంచికైనా చెడుకైనా తలదూర్చరాదు." ఏకగ్రీవంగా నెగ్గింది. చప్పట్లు అయిదు నిమిషాలు మోగాయి. ఆ తీర్మానం పుణ్యమా అని జీపులు రాలేదు, మనుషులూ రాలేదు.

రెండో నాడే కాలనీవాళ్ళు ఆటోలు మాట్లాడుకుని, జట్లు జట్లుగా వివాహాధికారి ఆఫీసుకు పోయి, గోడ మీది నోటీసు చదివి, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టుకున్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ సంతకానికి వస్తామనీ చెప్పలేదు. పార్వతి మాత్రం ఒక మధ్యాహ్నం మొగుడు నిద్రపోతుండగా మేడ ఎక్కి, గుమ్మంలోనే నిలబడి, "నేను రానే. ఆయన గురించి నీకెర్కే గద. కని మంచి చీర గట్టుకో, గా తెల్లది గట్టకు," అని కళ్ళు తుడుచుకుని దిగిపోయింది.

వెంకట్రావ్ తరఫున ఇద్దరు దొరికారు. ధర్మాబాద్ స్టేషన్‌లో చాయ్ అమ్మే దత్తు ఒకడు, హమాలీ రామదాస్ ఒకడు. నాలుగేళ్ళూ ఈ జంటను రోజూ చూసినా ఒక్కనాడూ ఏమీ అడగనివాళ్ళు వాళ్ళిద్దరే. మూడో సంతకం గడి ఇంకా ఖాళీగా ఉంది. పెళ్ళి వచ్చే నెల ఇరవై ఆరు, మంగళవారం, పొద్దున్న పదకొండింటికి.

మీరు ఇంతసేపూ పరాయి ఆడమనిషి ఫోనులో ఏం వెతికింది, స్టేషన్‌లో ఎవరితో చాయ్ తాగింది, రైల్లో ఎందుకు నవ్వింది, ఒక్క ముక్క వదలకుండా చదివారు కాబట్టి చొరవ తీసుకుని అడుగుతున్నాను. ఆధార్ కార్డు ఒకటి జేబులో వేసుకుని వస్తే చాలు, పది నిమిషాల పని. వస్తారా?

మంగళవారమా? పనుందా? సరే లెండి. అది మీ వ్యక్తిగత విషయం.